సోమ, గురువారాల మంచం

ముప్పై ఏళ్ళు కదిరిలో సోషల్ టీచరుగా పనిచేశాను. ఏటా ఒకసారి గోడకు పటం తగిలించి, బెత్తం మొన గోదావరి చివర ఆనించి, ‘ఇది డెల్టా, సారవంతమైన నేల, వరి ముఖ్యమైన పంట’ అని చెప్పేదాన్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్ళు. ఆ డెల్టాను నేనే ఎన్నడూ కళ్ళతో చూడలేదన్న సంగతి మాత్రం ఒక్కరి దగ్గరా బయటపెట్టలేదు. రిటైరయ్యాక, మొన్న మాఘమాసంలో, మా చెల్లెలు సరళ పిలిస్తే ఐదు రోజులు వెళ్ళొచ్చాను.

సరళ నర్సు. పాతికేళ్ళ కిందట రాజమండ్రి కోడలై వెళ్ళింది. పండగలకు అదే కదిరి వచ్చేది, నేను వెళ్ళింది లేదు. పెద్ద ఆసుపత్రిలో నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి, కిడ్నీ రోగుల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరినప్పుడు ఫోనులోనే దాన్ని దులిపేశాను. “కూర్చున్న కొమ్మను నరుక్కుంటున్నావే” అన్నాను. ఆరు నెలలు మా మధ్య మాటల్లేవు. తర్వాత మాటలు కలిశాయి గానీ, ఆ కోపంలో సగం ఇంకా కడుపులో పెట్టుకునే రైలెక్కాను.

రాజమండ్రి

ఆదివారం రైలు గోదావరి వంతెన ఎక్కేసరికి తెల్లవారింది. ఎదురు సీటులో తుని వెళ్ళే పెద్దావిడ నన్ను తట్టి లేపి, నా చేతిలో రూపాయి బిళ్ళ పెట్టి, “గోదారి తల్లికి వెయ్యండి! ఇక్కడ నిద్రపోతారేంటండి?” అని కసిరింది. ముక్కూ మొహం తెలియని మనిషికి తన డబ్బులిచ్చి మరీ దండం పెట్టించే తీరు నాకు కొత్త. మా చిత్రావతిలో నీళ్ళు చూడాలంటే పంచాంగం చూసుకుని బయల్దేరాలి. ఇక్కడ రైలు ఎంతసేపు నడిచినా కింద నీళ్ళు అయిపోలేదు. ఇంత నదినా నేను ఇన్నేళ్ళూ బెత్తం మొనతో కప్పేసింది అనుకున్నాను.

స్టేషనుకు సరళ వచ్చింది. ఆటో అతనితో అండి, టీ కొట్టు అతనితో అండి, కాళ్ళకు అడ్డం పడిన కుక్కతో కూడా “జరగండి” అన్నట్టే వినిపించింది నాకు. “కదిరిలో పుట్టినదానివి, ఈ అండి ఎక్కడ పట్టుకున్నావే?” అంటే, “ఇక్కడి అన్నంతో పాటు వచ్చేస్తుందిలే అక్కా” అంది.

టిఫినుకు పెసరట్టు, దాని కడుపులో ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. పచ్చడిలో బెల్లం! “కారం లేదా నాయనా?” అని అడిగితే సర్వరు గాభరాపడి, “ఎక్కువైపోయిందాండి?” అన్నాడు. మిరపకాయలు దంచిన ఊరిబిండి తిని పెరిగిన నాలుక నాది. ఏం చెబుతాను? తలూపి తినేశాను. బాగానే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

“నాలుగు రోజులు నాతో బండిలో తిరుగు. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టు” అంది సరళ.

మండపేట

సోమవారం పొద్దున సంస్థ వ్యానులో బయల్దేరాం. డ్రైవరు అబ్బులు గారు మితభాషి, హారనుతోనే మాట్లాడతాడు. కడియం దగ్గర మైళ్ళ కొద్దీ పూలమొక్కల నర్సరీలు. అవి దాటాక కాలవ, కాలవ గట్టు కింద రెండో పంటకు అప్పుడే నాట్లు పడిన దాళ్వా చేలు. రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు గుట్టలుగా పోసి ఉన్నాయి. మా ఊళ్ళో యాభై రూపాయలకు దొరికేది ఇక్కడ పాతికే. రోగులను చూడ్డానికి వట్టి చేతులతో వెళ్ళడమేమిటి? సరళ ఫోనులో ఉండగా బండి ఆపించి అరడజను కొన్నాను.

సంస్థ వాళ్ళ డయాలసిస్ సెంటరు ఒక పాత రైసుమిల్లు గోడౌనులో ఉంది. బస్తాలు పేర్చిన చోట ఇప్పుడు ఆరు మంచాలు, మంచానికో మిషను. కిడ్నీలు చేయాల్సిన వడపోత పని మిషను చేస్తుంది. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. గోడ మీద బోర్డులో అందరి పేర్లూ రాసి ఉన్నాయి, ప్రతి పేరు చివరా ‘గారు’. మిల్లు కూలీ అయినా, మిల్లు ఓనరైనా ఇక్కడ గారే. అది సంస్థ పెట్టిన నియమం.

నేను బొండాల గెల పట్టుకుని గొప్పగా లోపలికి అడుగుపెట్టాను. సరళ పరుగెత్తుకొచ్చింది. “అక్కా, అవి బయట పెట్టు!”

ఆరు మంచాల మీదా ఒకటే నవ్వు. సోషల్ టీచరుకు ఆ రోజు సైన్సు పాఠం చెప్పారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఉంటుంది. కిడ్నీలు పాడైనవాళ్ళ ఒంట్లోంచి అది బయటికి పోదు. పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఈ ప్రాంతంలో జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా, ఒళ్ళు వేడి చేసినా ముందు కొట్టేది బొండమే. కిడ్నీ జబ్బనగానే మరీ ప్రేమగా కొట్టి నోటికందిస్తారట.

“మా సగం పోరాటం రోగంతో కాదక్కా, మర్యాదలతో” అంది సరళ. బొండాలు నేనూ, అబ్బులు గారూ, వాచ్‌మనూ కలిసి బయట తాగేశాం.

ఆరో మంచం మీద సువార్తమ్మ ఉంది. నలభై ఐదేళ్ళు ఉంటాయి. దగ్గరలోని పల్లెటూరు. మిల్లులో బియ్యం చెరిగే పని చేసేది. ఒళ్ళునొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కున్న బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగింది. బీపీ ఉన్నట్టు తనకే తెలియదు. తెలిసేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. రెండేళ్ళుగా ప్రతి సోమవారం, గురువారం ఈ మంచమే ఆమెకు ఊపిరి.

ఆ గురువారమే ఆమె కూతురు సునీత పెళ్ళి.

“ఈ ఒక్క గురువారం మానేస్తానండి. పెళ్ళయ్యాక సోమవారం వచ్చేస్తాను. ఏమీ అవదండి” అంది సువార్తమ్మ, నవ్వుతూనే.

సరళ నవ్వలేదు. “పోయినేడు ఒకాయన పండగని ఒక్క టర్న్ మానేశారు సువార్తమ్మ గారూ. మళ్ళీ రాలేదు. మీ పొటాషియం ఇప్పటికే గీత దాటి ఉంది.”

“పెళ్ళికూతురి తల్లి పెళ్ళిలో లేకపోతే వియ్యాలవారు ఏమనుకుంటారండి?”

అసలు చిక్కు అక్కడుంది. పెళ్ళికొడుకుకు ఈ జబ్బు సంగతి తెలుసు. అతని తల్లికి తెలియదు. తెలిస్తే సంబంధం తప్పిపోతుందని సువార్తమ్మ భయం. చెప్పేయమని సరళ ఎన్నిసార్లు పోరినా, పెళ్ళయ్యాక చెప్తాననేది ఆమె జవాబు. ఆ సాయంత్రం సెంటరులో షెడ్యూలు ముందేసుకుని చూస్తే ఒకటే దారి కనిపించింది. అదే మంచం మీద ఆది, బుధవారాలు ఒక రైతు పడుకుంటాడు. ఆయన తన బుధవారం వదులుకుని గురువారానికి జరగాలి.

ఆత్రేయపురం దారిలో

మంగళవారం ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే రోజు. ముందు ఆత్రేయపురంలో ఆగాం. ఒక ఇంటి వసారాలో పూతరేకులు చేస్తున్నారు. బోర్లించిన కుండ కింద మంట, పైన బియ్యపు పిండి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒక్క వేటు. కాయితం కంటే పల్చని రేకు లేచి వస్తుంది. నేనూ చేస్తానని కూర్చున్నాను. మూడు రేకులు ముక్కలు చేసి, వేలు కాల్చుకున్నాక ఆ ఇల్లాలు నా చేతిలోంచి గుడ్డ మెల్లగా తీసుకుంది. “మీరు పాఠాలు చెప్పుకోండి మేడం గారూ, రేకుల సంగతి మేం చూసుకుంటాం” అంది. మర్యాదగా తిట్టడం వీళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

అక్కడికి కొద్ది దూరంలోనే ఆ రైతు వీర్రాజు గారి ఇల్లు. ఎనిమిదెకరాల ఆసామి, భారీ మనిషి. ఆయన “రండి రండి” అంటుండగానే సరళ చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి నడిచింది. మా వైపు అలా నడిచే మనిషి దొంగ అయినా అయ్యుండాలి, అత్తగారైనా అయ్యుండాలి. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోలేదు. సంస్థ పద్ధతే అది. మందుల చీటీ కంటే ముందు వంటిల్లు చూస్తారు. పొటాషియం దిగిపోయేలా కూరగాయలు తరిగి నీళ్ళలో నానబెట్టారా, ఉడికించి ఆ నీళ్ళు వార్చేశారా, ఎండుచేపలు ఇంట్లో ఉన్నాయా, అన్నీ మూతలు తీసి మరీ చూస్తారు. వీర్రాజు గారి భార్య సత్యవతి గారు పరీక్ష రాసిన పిల్లలా పక్కన నిలబడింది.

వంటిల్లు పాసైంది. సరళ ఏం అనుమానపడిందో, వెళ్ళి దేవుడి మందిరం వెనక చెయ్యి పెట్టింది. ఆవకాయ జాడీ!

“నైవేద్యానికండి” అన్నాడు వీర్రాజు గారు తొణక్కుండా.

“దేవుడికి ఆవకాయ నైవేద్యమేంటండి?”

“మా దేవుడు గోదారోడండి. ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు.”

నవ్వులయ్యాక సరళ కూర్చుని సువార్తమ్మ సంగతి చెప్పింది. ఇవ్వమని అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకుంది.

“ఆరో నంబరు మీద సోమ, గురువారాలు పడుకునే ఆవిడా? ఆవిడ్ని నేనెప్పుడూ చూళ్ళేదండి” అన్నాడాయన. “గోడకు వాక్యాల క్యాలెండరు తగిలించింది ఆవిడే కదూ? నాలుగ్గంటలు చదవడానికి అదొక్కటే దిక్కండి. ఏడాదిగా చదివి చదివి సగం బైబిలు నోటికొచ్చేసింది. దాని పక్కనే నేను వెంకటేశ్వరస్వామిని తగిలించాను, ఆవిడ తీసెయ్యలేదు.”

సత్యవతి గారి మొహం మాత్రం వాడిపోయింది. “ఒక్క రోజు ఆలస్యమైతే మీకు ఆయాసం వస్తుంది కదండీ” అంది మొగుడితో.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తను రోజుకు తాగేదే మూడు చిన్న గ్లాసుల నీళ్ళు; అంతకు మించితే బయటికి పోక ఒంట్లోనే నిలిచి ఆయాసం తెస్తాయి. కిటికీలోంచి చూస్తే ఇంటి ముందు నిండు కాలవ పారుతోంది. కదిరిలో మేం నీళ్ళు లేక కొలుచుకుని తాగేవాళ్ళం. నీళ్ళ మధ్య కూర్చుని కొలుచుకుని తాగడం ఎంత కష్టమో ఆయన్ని చూశాక తెలిసింది.

“ఆడపిల్ల పెళ్ళి సత్యవతీ” అన్నాడు చివరకు. “ఒక గ్లాసు తగ్గించుకుంటాను. సరిపోద్ది.”

సరళ డాక్టరుకు ఫోను చేసింది. ఆయన వీర్రాజు గారి రిపోర్టులు చూసి సరేనన్నారు, రెండు పూటలా బరువు చూసుకోవాలి, ఏమాత్రం ఆయాసం వచ్చినా తక్షణం బయల్దేరాలి అన్న షరతు మీద. మేం లేస్తుంటే వీర్రాజు గారు ఆవకాయ జాడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. “తీసుకుపోండి మేడం. ఇది ఇంట్లో ఉంటే నాకు దాహం ఆగదు.”

తనెన్నడూ చూడని మనిషి కోసం ఒక గోదావరి మనిషి ఆవకాయ వదులుకున్నాడు. ఇంతకంటే పెద్ద త్యాగం ఈ జిల్లాల్లో ఉంటుందని నేననుకోను. వ్యానులో దారి పొడవునా ఆ జాడీని ఒళ్ళోంచి దించలేదు.

మళ్ళీ మండపేట

బుధవారం సువార్తమ్మ ఆరో మంచం మీద పడుకుంది. చేతులకు అప్పటికే గోరింటాకు పెట్టారు. వీర్రాజు గారి దగ్గర్నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. “బరువు పెరగలేదండి, ఆయాసం లేదండి. పెళ్ళికూతుర్ని దీవించానని ఆవిడకి చెప్పండి.” సరళ ఆ మాట చెబితే సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒక చేతికి సూదులుండటంతో రెండో చేత్తోనే తుడుచుకోవాల్సి వచ్చింది.

తిరుగు దారిలో నేనే నోరు విప్పాను. “సరళా, అప్పుడు నిన్ను తిట్టడం నాదే తప్పు. నువ్వు చేసిందే సరైన పని. మన ఇంట్లో పుట్టినవాళ్ళలో నువ్వే గొప్పదానివి.”

“రెండు పూటలా తిట్టావక్కా, నాకు బాగా గుర్తుంది” అంది అది. కిటికీ వైపు తిరిగింది గానీ, ఏడుస్తోందని నాకు తెలుసు. అబ్బులు గారు అవసరం లేకపోయినా హారను కొట్టాడు.

పెళ్ళి ఊరు

పెళ్ళికి మమ్మల్నీ పిలిచారు, గురువారం పొద్దున్నే వెళ్ళాం. చర్చి పక్కన షామియానా, బ్యాండుమేళం, వంటల దగ్గర నుంచి మసాలా ఘుమఘుమలు. సువార్తమ్మ కొత్త పట్టుచీరలో నిటారుగా నిలబడి అందరినీ పలకరిస్తోంది. నిన్న మిషను మీద ఉన్న మనిషంటే ఎవరూ నమ్మరు. అప్పుడే సెంటరు నుంచి ఫోను వచ్చింది. వీర్రాజు గారు క్షేమంగా చేరి ఆరో మంచం మీద పడుకున్నాడు. సరళ అప్పటికి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

అంబాజీపేట వైపు నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు బస్సులో దిగారు. కోనసీమ మనుషులు, బస్సు సగం కొబ్బరికాయలే. పెళ్ళికొడుకు తల్లి కరుణమ్మ గారు దిగీదిగగానే ఒక బొండం చెక్కించి, అందరి ముందూ సువార్తమ్మ నోటి దగ్గర పెట్టింది.

“మా పెరటి చెట్టు కాయండి వదినగారూ. మా ఇళ్ళల్లో వియ్యపురాలికి ముందు మా చేత్తో ఇది పట్టించాకే చర్చికి కదులుతాం. తాగండి, ఇంకా మా తోడికోడళ్ళు ముగ్గురున్నారు, తలా ఒకటి పట్టిస్తారు.”

సరళ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. తను చెబితే బయటిమనిషి చెప్పినట్టవుతుంది. సువార్తమ్మ పెళ్ళికూతురి వైపు చూసింది, బొండం వైపు చూసింది. ఒక్క గుక్క తాగి నవ్వేస్తే ఆ పూట గడిచిపోయేది.

“నేనిది తాగకూడదండి వదినగారూ.”

“అప్పుడే అలకేంటండి!” అన్నారెవరో. అందరూ నవ్వారు.

“అలక కాదండి. నా కిడ్నీలు రెండూ పోయినయ్యండి. రెండేళ్ళయ్యింది. వారానికి రెండుసార్లు మిషను మీద పడుకుంటేనే బతుకుతున్నాను. మీకు తెలిస్తే సంబంధం వద్దంటారని దాచాను. తప్పు నాదండి, మా పిల్లది కాదు.”

బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. కరుణమ్మ గారు కొడుకు వైపు తిరిగింది.

“నీకు తెలుసా రా?”

“తెలుసమ్మా.”

“తెలిసి నాకు చెప్పవా!” అని పెళ్ళిసూటు మీదే వీపున ఒక్కటిచ్చింది. తర్వాత ఆమె గొంతు తగ్గిపోయింది. “మా ఆయన కాళ్ళు వాచి, ఆయాసపడి పోయారండి వదినగారూ. ఇదే జబ్బని ఆఖర్న చెప్పారు. అప్పటిదాకా రోజూ నా చేత్తోనే బొండాలు కొట్టి పోశానండి. పోయకూడదని నాకు ఎవరూ చెప్పలేదండి.”

ఆ బొండం తీసుకొచ్చి నా చేతిలో పెట్టేసింది. కళ్ళు తుడుచుకుని, “పదండి, పాస్టరు గారు చూస్తున్నారు. పెళ్ళి ఆలస్యమవుతోంది” అని సువార్తమ్మ చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. సునీత మెడలో తాళి పడుతున్నప్పుడు ఆ ఇద్దరు తల్లులూ పక్కపక్కనే నిలబడ్డారు.

భోజనాలయ్యాక కరుణమ్మ గారు సరళను వెతుక్కుంటూ వచ్చింది. “ఈ జబ్బు ముందే తెలుసుకునే దారి ఉందాండి?” అని అడిగింది. ఉందని చెప్పి సరళ వ్యానులోంచి పెట్టె తెప్పించింది. చిన్న సీసాలో మూత్రం పట్టివ్వాలి, అందులో కాయితపు పట్టీ ముంచి రంగు చూస్తారు, పసుపు మారితే కిడ్నీలను అనుమానించాలి. “ఆయ్, పెళ్ళికొచ్చి సీసాలు పట్టుకోవడమేంటండీ!” అని పెళ్ళికొడుకు మేనమామలు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే వరసలో నిలబడ్డారు. పట్టుపంచెల వాళ్ళూ, సిల్కు చొక్కాల వాళ్ళూ తలా ఒక సీసాతో దొడ్డివైపు నడుస్తుంటే, సరళ టేబులు ముందు కూర్చుని ఒక్కొక్కరి పేరూ గారు చేర్చి రాసుకుంది. నవ్వూ గర్వమూ రెండూ ఆపుకోలేక, కనపడినవాళ్ళందరికీ ఆమె మా చెల్లెలని చెప్పుకున్నాను.

వరసగా పట్టీలన్నీ పసుపు రంగులోనే ఉన్నాయి. కరుణమ్మ గారిది ఆకుపచ్చకు తిరిగింది.

“దీన్ని బట్టే తేల్చెయ్యలేమండి. రక్తపరీక్ష చేయించాలి. ఒకవేళ జబ్బే అయినా, తొందరగా పట్టుకుంటే మందులతో చాలాకాలం ఆపొచ్చండి” అని సరళ నెమ్మదిగా చెప్పింది. కరుణమ్మ గారికి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

సువార్తమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆమె పక్కన కూర్చుంది. రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“భయపడకండి వదినగారూ” అంది. “నాకు ఆలస్యమైపోయింది. మీకు కాలేదు. సోమవారం నాతో రండి, నేను తీసుకెళ్తాను.”